జీతమా, సొంత దుకాణమా: గల్లాపెట్టె చెప్పని లెక్క

సంపాదకులు గారికి నమస్కారములు.

ఉద్యోగం మానేసి సొంత కాళ్ల మీద నిలబడిన యువకుల గురించి మీ పత్రిక నల్లగొండ జిల్లా పేజీలలో కొంతకాలంగా వస్తున్న కథనాలను నేను వరుసగా చదువుతున్నాను. నాటుకోళ్ల ఫారం పెట్టినవారు, టిఫిన్ సెంటర్ నడుపుతున్నవారు, మొబైల్ రిపేరు దుకాణం తెరిచినవారు ఎంతో కష్టపడి ఆ స్థితికి చేరుకున్నారనడంలో నాకు సందేహం లేదు, వారి శ్రమను తక్కువ చేయాలనే ఉద్దేశం అంతకన్నా లేదు. అయితే ఆ కథనాలన్నింటిలోనూ నెలకు ఇంత అమ్మకం, ఇంత టర్నోవర్ అనే అంకె ఒక్కటే కనిపిస్తున్నది. ఆ అంకెలో నుంచి సరుకు ఖర్చు ఎంత పోయింది, దుకాణం అద్దె ఎంత, అప్పు మీద మిత్తి ఎంత, భార్యాపిల్లలు జీతం లేకుండా చేసిన పని విలువ ఎంత అనే వివరం ఏ కథనంలోనూ నాకు కనిపించలేదు. చదివిన కుర్రవాళ్లు ఆ ఒక్క అంకెను పట్టుకొని తమ జీతంతో పోల్చుకుంటున్నారు. ఆ పోలిక తప్పు. నేను 1997 నుంచి 2005 వరకు ఎనిమిదేళ్లు చౌటుప్పల్ వైపు ఒక కంపెనీలో నెల జీతానికి ఎలక్ట్రీషియన్‌గా పనిచేసి, ఆ తరువాత ఇరవై ఏళ్లుగా కొండమల్లేపల్లిలో కాలిపోయిన వ్యవసాయ మోటార్లకు రాగి తీగ మళ్లీ చుట్టే రివైండింగ్ దుకాణం నడుపుతున్నాను. రెండు వైపులా నడిచినవాడిగా ఈ విషయం మీద కొంత వివరంగా రాయాలనిపించింది.

మొదట ఒక మాట. మా తాతగారి కాలంలో మా ప్రాంతంలో "జీతం" అన్న మాటకు ఇప్పుడున్న గౌరవం లేదు. జీతానికి ఉండడమంటే ఒక ఆసామి ఇంట్లో ఏడాది పొడుగునా పశువుల కొట్టం నుంచి పొలం దాకా చాకిరీ చేయడం, తీసుకున్న అప్పు తీరక మరుసటి ఏడాది కూడా అక్కడే ఉండిపోవడం. జీతగాడు అన్న పిలుపును మా తాత చివరిదాకా మరచిపోలేకపోయారు. వెట్టి కార్మిక వ్యవస్థను రద్దు చేస్తూ 1976లో చట్టం వచ్చిన తరువాత కూడా ఆ బతుకులు వెంటనే మారలేదని ఆయన చెప్పేవారు. ఆయనకు రెండెకరాల సొంత ఎవుసమే స్వేచ్ఛ. నా తరం వచ్చేసరికి ఆ మాట పూర్తిగా తిరగబడింది. బోర్లు ఎండి, అప్పులు పెరిగి, సొంత ఎవుసం ఉన్నవాడు కుంగిపోయి కనిపించాడు, నెల మొదటి తారీకున జీతం అందుకున్నవాడు నిటారుగా నడిచాడు. ఇప్పుడు మళ్లీ మీ కథనాలు "ఒకరి కింద పని ఎందుకు" అంటున్నాయి. మాటల విలువ తరానికోసారి ఇలా మారుతుంది కాబట్టే, గౌరవం సంగతి కాసేపు పక్కన పెట్టి కాగితం మీద లెక్క వేసుకోవడం అవసరమని నేను భావిస్తున్నాను.

ఈ లేఖ రాయడానికి కారణమైన సంఘటన గత నెలలో జరిగింది. ఐటిఐ చదివి ఆరేళ్లుగా నా దగ్గర పనిచేస్తున్న ఇరవై ఆరేళ్ల కుర్రవాడికి జడ్చర్ల వైపు ఒక కంపెనీలో మెయింటెనెన్స్ పని దొరికింది. మూల వేతనం 15 వేలు, అన్నీ కలిపి నెలకు 18 వేలు. ఆ కాగితం నాకు చూపిస్తూ అతను, "అన్నా, మన దుకాణంల నెలకు అరవై డెబ్బై వేలు గల్లా అయితది గదా, పద్దెనిమిది వేల జీతానికి పోవుడెందుకు? మర్రిగూడలో నేనే దుకాణం పెట్టుకుంట" అన్నాడు. అతని ఆలోచనలో ఉత్సాహం ఉంది, నా దుకాణంలో ఆరేళ్లుండి కూడా గల్లాపెట్టెలో పడే డబ్బునే సంపాదనగా అనుకోవడం మాత్రం నాకు బాధ కలిగించింది. ఆ తప్పు నాదే, ఎందుకంటే వైండింగ్ నేర్పాను గాని ఖాతా పుస్తకం ఏనాడూ అతని ముందు విప్పలేదు. ఆ సాయంత్రం షట్టరు సగం దించి, ఇద్దరం కూర్చొని గత ఏడాదిలో ఒక నడిమిరకం నెలను తీసుకొని లెక్క వేశాము.

ఆ నెల గల్లా 68 వేలు. అందులో రాగి తీగ, బుష్‌లు, బేరింగులు, కెపాసిటర్లు, స్టార్టరు సామాను కలిపి హైదరాబాద్ ట్రూప్‌బజార్‌లో నగదు ఇచ్చి తెచ్చినది 26 వేలు. దుకాణం అద్దె నాలుగున్నర వేలు. కరెంటు బిల్లు 1,800. ఆ కుర్రవాడికి నేనిచ్చే జీతం 12 వేలు. ఇవన్నీ పోతే 23,700 మిగిలింది. చాలామంది ఇక్కడితో లెక్క ఆపేస్తారు. అసలు లెక్క ఇక్కడ మొదలవుతుంది. మా పనిలో మోటారు కాలిపోయిన రైతు చేతిలో డబ్బు ఉండి రాడు, పంట ఎండుతున్నదని వస్తాడు. పత్తి అమ్మినాకనో, బత్తాయి తోట గుత్తకు ఇచ్చినాకనో ఇస్తానంటాడు. అతని ముఖం చూసి కాదనలేము. అలా ఏడాది పొడుగునా సుమారు లక్షన్నర రూపాయలు ఉద్దెర కింద బయట తిరుగుతూనే ఉంటాయి. ఆ డబ్బు స్థానంలో నేను సరుకు కోసం నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చిన అప్పు ఉంది, అంటే నెలకు మూడు వేలు. అప్పు తేకుండా సొంత డబ్బు పెట్టినా ఆ డబ్బు మరోచోట ఉంటే తెచ్చే రాబడి పోయినట్టే. వైండింగ్ యంత్రం, బోరులోంచి మోటారు లాగే గొలుసు కప్పీ, మీటర్లు అరిగిపోతాయి కాబట్టి వాటికి నెలకు వెయ్యి పక్కన పెట్టాలి. ఇక నా భార్య రోజూ మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా దుకాణంలో కూర్చొని ఫోన్లు ఎత్తుతుంది, ఉద్దెర పద్దులు రాస్తుంది, రైతులకు సమాధానం చెబుతుంది. ఆమె స్థానంలో మరొకరిని పెట్టుకుంటే తక్కువలో తక్కువ ఐదు వేలు ఇవ్వాలి. ఈ మూడూ తీసేస్తే నా ఒక్కడి శ్రమకు మిగిలింది 14,700 రూపాయలు. ఇరవై ఏళ్ల అనుభవం, తెలిసిన రైతులు, నిలబడిన పేరు ఉన్న దుకాణంలో ఒక నడిమిరకం నెల లెక్క ఇది.

భార్య పని దగ్గర కొంచెం ఆగుతాను, ఎందుకంటే దీనిని మా ఇంట్లో కూడా ఇరవై ఏళ్లు ఎవరమూ లెక్కలో వేయలేదు. కేంద్ర ప్రభుత్వం ఏటా జరిపే శ్రామిక శక్తి సర్వే ప్రకారం 2023-24లో దేశంలో పనిచేస్తున్నవారిలో నూటికి 58.4 మంది స్వయం ఉపాధిలో ఉన్నారు, క్రమం తప్పని జీతం ఉన్నవారు నూటికి 21.7 మంది మాత్రమే. స్వయం ఉపాధి పెరిగిందని సంతోషించేవారు గమనించవలసింది ఏమిటంటే, ఇంటి దుకాణంలోనో ఇంటి పొలంలోనో జీతం లేకుండా సాయపడేవారిని కూడా ఆ సర్వే స్వయం ఉపాధి కిందనే లెక్కిస్తుంది. అంటే నా భార్య కూడా ప్రభుత్వ లెక్కలో స్వయం ఉపాధి పొందుతున్న మహిళే, ఆమె పేరు మీద ఒక్క రూపాయి రాకపోయినా. ఒక కుటుంబంలో ఇద్దరు కలిసి పనిచేసి తెచ్చిన దానిని ఒక మనిషి ఎనిమిది గంటల జీతంతో పోల్చడం న్యాయం కాదు.

ఇప్పుడు జీతం వైపు లెక్క. కుర్రవాడు తన కాగితంలో 18 వేలు అనే చూశాడు. ప్రావిడెంట్ ఫండ్‌కు 1,800, ఉద్యోగుల వైద్య బీమా అయిన ఈఎస్‌ఐకి 135 కోస్తే, వృత్తి పన్నును పక్కన పెట్టినా చేతికి వచ్చేది 16,065 అని తెలిసి అతని ముఖం మరింత చిన్నబోయింది. కానీ కంపెనీ తన వైపు నుంచి కట్టవలసినది ఉంటుంది. మూల వేతనం మీద 12 శాతం చొప్పున ప్రావిడెంట్ ఫండ్‌కు, దానిలోని పింఛను ఖాతాకు కలిపి 1,800 రూపాయలు. ఈఎస్‌ఐకి 3.25 శాతం చొప్పున 585 రూపాయలు. ఐదేళ్లు ఆగకుండా పనిచేస్తే ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున వచ్చే గ్రాట్యుటీని నెలలకు పంచితే మరో 721 రూపాయలు. అతని జీతంలో కోసినది కూడా అతని ప్రావిడెంట్ ఫండ్ ఖాతాకో, అతని ఈఎస్‌ఐ బీమాకో పోతుంది కాబట్టి, నిజానికి అతని నెల శ్రమ విలువ 21,106 రూపాయలు. ఇది కాక, జబ్బు చేసి డాక్టరు సర్టిఫికెట్ ఇస్తే ఈఎస్‌ఐ నుంచి ఏడాదిలో 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం వస్తుంది. ఉద్యోగంలో ఉండగా మరణిస్తే ప్రావిడెంట్ ఫండ్‌తో ముడిపడిన బీమా కింద కుటుంబానికి గరిష్ఠంగా ఏడు లక్షల దాకా అందుతుంది. నేను రెండేళ్ల క్రితం చేయి విరిగి నలభై రోజులు పని ఆపినప్పుడు నాకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు, అద్దె మాత్రం ఆగలేదు.

అయితే జడ్చర్లలో గది అద్దె, మెస్ ఖర్చు, నెలకు రెండుసార్లు ఇంటికి వచ్చిపోయే బస్సు చార్జీ కలిపి ఇంట్లో ఉంటే కాని అదనపు ఖర్చు ఆరున్నర వేలు అవుతుంది. అది తీసేస్తే జీతం వైపు 14,606 మిగిలింది, నా దుకాణం వైపు 14,700. తొంభై నాలుగు రూపాయల తేడా. ఇద్దరం చాలాసేపు ఆ రెండు అంకెలను చూస్తూ ఉండిపోయాము. 68 వేలకూ 18 వేలకూ మధ్య ఉన్నట్టు కనిపించిన యాభై వేల తేడా ఒక పేజీ లెక్కలో కరిగిపోయింది.

ఇక మిగిలిన ప్రశ్న ఒక్కటే: చెడ్డ నెల వస్తే ఎవరు మోస్తారు. దీనికి నా వృత్తిలోంచే ఒక ఉదాహరణ చెబుతాను. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైంది. అంతకు ముందు రాత్రిపూట కోతల కరెంటు, తక్కువ వోల్టేజీ, ఒక్కసారిగా వచ్చే సరఫరా వల్ల మోటార్లు విపరీతంగా కాలేవి. వేసవి నెలల్లో నా దుకాణం ముందు మోటార్లు వరుసగా పడి ఉండేవి, రాత్రి రెండింటిదాకా కాయిళ్లు చుట్టేవాళ్లం. కరెంటు మెరుగుపడి, వానలు బాగా పడిన ఏళ్లలో బోర్లలో నీళ్లు పైకి రావడంతో మోటారు నీళ్లు లేక ఖాళీగా తిరిగి కాలడం కూడా తగ్గింది. నా పని సగానికి పడిపోయింది. రైతు ఇంట పుట్టినవాడిగా దానికి నేను మనస్ఫూర్తిగా సంతోషించాను, ఎందుకంటే కాలిన మోటారు వెనక ఎండిన మడి ఎలా ఉంటుందో నాకు తెలుసు. కానీ అదే ఏడాది నా కొడుకు కాలేజీ ఫీజు కట్టడానికి నా భార్య పుస్తెల తాడు బ్యాంకులో పెట్టవలసి వచ్చింది. ఊరికి మంచి జరిగిన ఏడాదే మా ఇంట్లో ఇబ్బంది వచ్చింది, ఇందులో నా తప్పు గాని ఇంకొకరి తప్పు గాని లేదు. జీతం ఉన్న మనిషికి కంపెనీ లాభం తగ్గినా ఆ నెల జీతం తగ్గదు, పోతే ఉద్యోగమే పోతుంది. దుకాణదారుడికి దుకాణం పోదు గాని ప్రతి నెలా కొంచెం కొంచెం తగ్గుతూ పోతుంది, ఆ తగ్గుదల చాలాకాలం తెలియదు కూడా.

జీతం వైపు అంతా భద్రంగా ఉందని నేను చెప్పడం లేదు. నేను పనిచేసిన కంపెనీలో గేటు మీద కంపెనీ పేరు ఉండేది గాని నా నియామకం మాత్రం లేబర్ కాంట్రాక్టరు కింద ఉండేది. ఎనిమిదేళ్లలో ముగ్గురు కాంట్రాక్టర్లు మారారు. యంత్రాలు అవే, షిఫ్టు అదే, నేనూ అదే మనిషిని. కానీ కాంట్రాక్టరు మారిన ప్రతిసారీ కొత్తగా చేరినట్టు కాగితాలు రాయించుకున్నారు, ప్రావిడెంట్ ఫండ్ నంబరు కూడా మారింది. ఒక మనిషికి జీవితాంతం ఒకే నంబరు ఉండే పద్ధతి 2014లో గాని రాలేదు. ఎవరి దగ్గరా ఐదేళ్లు నిండనట్టు కాగితాలు ఉండడం వల్ల నాకు గ్రాట్యుటీ అందలేదు. నేనూ అడగలేదు, అడగవచ్చునని చెప్పేవారు అప్పుడు నాకు దొరకలేదు. ఇంకొక నష్టం నేను నా చేతులతో చేసుకున్నాను. 2005లో దుకాణం పెట్టడానికి పెట్టుబడి కావాలని ప్రావిడెంట్ ఫండ్‌తో పాటు పింఛను ఖాతాలో ఉన్నది కూడా తీసేసుకున్నాను. సర్వీసు పదేళ్లు నిండితే యాభై ఎనిమిదేళ్లు వచ్చాక జీవితాంతం నెలనెలా పింఛను వస్తుందని, అది ఆ తరువాత భార్యకు కూడా అందుతుందని, నాకు మరో రెండేళ్లే తక్కువ ఉన్నాయని అప్పుడు తెలియదు. అతి తక్కువ పింఛను వెయ్యి రూపాయలేనని తేలికగా అనేవారు ఉంటారు. అరవై దాటిన మనిషికి ఎవరినీ అడగకుండా నెలనెలా వచ్చే వెయ్యి రూపాయల విలువ మా వాడలోని ముసలివాళ్లను అడిగితే చెబుతారు.

కాబట్టి ఉద్యోగం అంటే ఒకే రకం కాదు. ప్రభుత్వ ఉద్యోగం వేరు, కంపెనీ సొంత జాబితాలో ఉన్న ఉద్యోగం వేరు, కాంట్రాక్టరు కింద చేసే పని వేరు. పైన చెప్పిన సర్వేలోనే క్రమం తప్పని జీతం ఉన్నవారిలో సగానికి పైగా మందికి రాతపూర్వక నియామక పత్రం లేదని తేలింది. మన యువకులు "ఉద్యోగం" అన్నప్పుడు వారి మనసులో ఉండేది మొదటి రకం. 2022 చివరలో ప్రకటించిన గ్రూప్-4లో ఎనిమిది వేల పైచిలుకు పోస్టులకు తొమ్మిది లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. పరీక్ష రాయడం తప్పు కాదు, కానీ నల్లగొండలోనూ మహబూబ్‌నగర్‌లోనూ గ్రంథాలయాల్లో ఏళ్ల తరబడి కూర్చొని, ఇటు జీతమూ లేక అటు పనీ నేర్వక ముప్పై దాటుతున్న పిల్లలను చూస్తే ఆ ఏళ్ల విలువను ఏ ఖాతాలో రాయాలో తోచదు. వారి తల్లిదండ్రులను కూడా నేను తప్పుపట్టలేను. దుకాణం ఉన్న పిల్లవాడికి నెలకు నలభై వేలు మిగిలినా పిల్లనిచ్చేవారు వెనకాడుతున్నారు, ఇరవై వేల ప్రభుత్వ ఉద్యోగానికి మాత్రం కట్నం ఇచ్చి మరీ పిల్లనిస్తున్నారు.

స్వయం ఉపాధిలో కూడా ఇలాగే రకాలు ఉన్నాయి. మన ఉమ్మడి నల్లగొండ జిల్లా పోచంపల్లి ఇక్కత్‌కు, పుట్టపాక తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు ఉంది, ప్రపంచం మెచ్చిన నేత అది. కానీ నేతన్న ఇంట్లో సొంత మగ్గం మీద కూర్చున్నంత మాత్రాన అతను సొంత వ్యాపారి కాడు. నూలు, పట్టు ఆసామి, అంటే నేత పని చేయించుకునే వ్యాపారి, ఇస్తాడు, రంగు, డిజైను ఆసామి చెబుతాడు, నేసిన చీర ఆసామికే పోతుంది, చేతికి వచ్చేది చీరకు ఇంత అనే కూలి. ఇల్లంతా కలిసి పనిచేస్తారు, జబ్బు, నష్టం, పని లేని రోజులు మాత్రం నేతన్నవే. మహబూబ్‌నగర్ నుంచి గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీసుకొని కుటుంబంతో సహా ప్రాజెక్టుల పనికి వలసపోయిన పాలమూరు కూలీని ఎవరూ స్వయం ఉపాధి అనలేదు, నేతన్నను మాత్రం అంటున్నాము. ధర ఎవరు నిర్ణయిస్తారు అన్నది చూడకుండా సొంతం అనే మాట వాడకూడదని నా అభిప్రాయం. నా దుకాణంలో రివైండింగ్ చార్జీ నేను చెబుతాను, రాగి ధర పెరిగితే దానిని కొంతైనా పెంచగలను. అందుకే అది నాది.

ఇన్ని చెప్పినవాడిని ఇరవై ఏళ్లుగా దుకాణంలోనే ఎందుకు ఉన్నానని మీరు అడగవచ్చు. అమ్మ పక్షవాతంతో నాలుగేళ్లు మంచంలో ఉన్నప్పుడు నేను రోజుకు మూడుసార్లు ఇంటికి వెళ్లి ఆమెను పక్కకు తిప్పి వచ్చాను. షిఫ్టు పనిలో అది సాధ్యమయ్యేది కాదు. ఇద్దరు పిల్లలను చదివించాను. నా దగ్గర పని నేర్చుకొని ఐదుగురు బతుకుతున్నారు. రాత్రి పదకొండింటికి బోరులో దించిన మోటారు నీళ్లు ఎత్తి పోస్తుంటే ఆ రైతు ముఖంలో కనిపించే నిమ్మళం నాకు ఏ కంపెనీలోనూ దొరకలేదు. వీటికి నేను ధర కట్టలేను, కట్టను కూడా. నేను అడుగుతున్నదల్లా, ధర కట్టగలిగిన వాటికైనా సరిగా కట్టండి అని.

మన ఉమ్మడి జిల్లా బిడ్డ చింతకింది మల్లేశం గారి సంగతి ఇక్కడ చెప్పాలి. ఆలేరు మండలం శారాజీపేటకు చెందిన ఆయన, ఆసు పోసేటప్పుడు, అంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ చుట్టేటప్పుడు, ఒక్క చీరకు వేలసార్లు చేయి ఆడించి తల్లి భుజం నొప్పితో బాధపడడం చూసి ఆసు యంత్రం తయారుచేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన గురించి చెప్పేవారు యంత్రం గురించి చెబుతారు, పద్మశ్రీ గురించి చెబుతారు. మొదలుపెట్టిన దగ్గర నుంచి 1999లో యంత్రం పూర్తయ్యేదాకా పట్టిన సుమారు ఏడేళ్ల సంగతి, మధ్యలో చేతిలో డబ్బులేక హైదరాబాద్ వెళ్లి పని చేసుకుంటూ, మిగిలిన డబ్బుతో, మిగిలిన సమయంతో యంత్రం మీద పనిచేసిన సంగతి తక్కువగా చెబుతారు. నా దృష్టిలో యువకులకు ఎక్కువగా అక్కరకు వచ్చేది ఆ మధ్య భాగమే. జీతం, సొంత పని ఒకదానికొకటి శత్రువులు కావు. జీతం చేస్తూ పని నేర్చుకోవడం, కొంత వెనకేసుకోవడం, పెట్టబోయే దుకాణానికి కనీసం ఏడాది ఇంటి ఖర్చు చేతిలో ఉంచుకోవడం, ఆ తరువాత బయటికి రావడం అనే వరుస ఉంది. నేను ఆ వరుస తప్పి, పెట్టుబడి కోసం పింఛను తెంచుకున్నాను.

ప్రభుత్వం చేయవలసినవి కూడా ఉన్నాయి. 2015లో ముద్ర పథకం తెచ్చినప్పుడు దాని కింద పది లక్షల వరకు హామీ లేకుండా అప్పు ఇవ్వాలన్నారు. నేను రెండు లక్షలకు వెళ్లినప్పుడు బ్యాంకు శాఖలో భూమి పాసుపుస్తకం అడిగారు, లేదంటే ఉద్యోగస్తుడి జామీను తెమ్మన్నారు. నూటికి రెండు రూపాయల మిత్తి మా నెత్తిన పడింది ఆ దారిలోనే. అదే 2015లో అటల్ పింఛను పథకం వచ్చింది, చేరడానికి వయసు నలభై దాటకూడదు. నాకు అప్పటికే నలభై రెండు. 2023లో వచ్చిన విశ్వకర్మ పథకంలో పద్దెనిమిది వృత్తులు ఉన్నాయి, మోటారు మెకానిక్, రివైండింగ్ పని అందులో లేవు. రాష్ట్రంలో రైతుకు 2018 నుంచి, నేతన్నకు 2022 నుంచి ఐదు లక్షల బీమా తెచ్చారు, అది ఎంతో మంచి పని. రైతు మోటారును బాగుచేసేవాడికి, బండి బాగుచేసేవాడికి, కుట్టుమిషన్ మీద బతికే అక్కచెల్లెళ్లకు కూడా అటువంటిది ఉండాలని అడగడం అత్యాశ కాదు. కంపెనీలో యజమాని 12 శాతం కడతాడు. సొంత పని చేసేవాడికి యజమాని తానే కాబట్టి ఆ రెండో సగం ఎక్కడినుంచీ రాదు. నలభై దాటినవారికి కూడా తలుపు తెరిచి, వారు కట్టినదానికి కొంతైనా ప్రభుత్వం జతచేసే పథకం ఒకటి కావాలి.

అది వచ్చేదాకా మావాళ్లు చేసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి, వాటిని కూడా మీ పత్రిక రాస్తే బాగుంటుంది. ఏడాదికి 20 రూపాయలతో రెండు లక్షల ప్రమాద బీమా బ్యాంకు ఖాతా ద్వారానే వస్తుంది, యాభై ఏళ్లలోపు చేరితే 436 రూపాయలతో రెండు లక్షల జీవిత బీమా కూడా. నేషనల్ పెన్షన్ సిస్టమ్‌లో జీతం లేనివారు కూడా ఖాతా తెరవవచ్చు. చిన్న వ్యాపారులు తమ అమ్మకంలో 8 శాతం, బ్యాంకు ద్వారానో ఫోను ద్వారానో వచ్చిన దానిమీద 6 శాతం లాభంగా చూపి సులువుగా ఆదాయపు పన్ను రిటర్ను వేసుకునే వీలుంది, పన్ను పడకపోయినా ఆ కాగితమే బ్యాంకులో మన జీతపు స్లిప్పు. నేను రిటర్నులు వేయడం మొదలుపెట్టిన మూడేళ్లకు కొడుకు చదువు అప్పు ఏ జామీనూ లేకుండా వచ్చింది.

మీకు నా విన్నపం ఇది. స్వయం ఉపాధి కథనాలు ఆపవద్దు, రాయండి. కానీ ప్రతి కథనం పక్కన చిన్న గడిలో ఆ దుకాణం ఒక నెల లెక్కను, అమ్మకం నుంచి ఇంటివాళ్ల పనిదాకా, వారి అనుమతితో అచ్చువేయండి. మూతపడిన దుకాణాల వారిని కూడా ఒకసారి అడిగి రాయండి. మా కొండమల్లేపల్లి చౌరస్తాలో ఈ ఐదేళ్లలో తెరిచి మూసినవి నాకు తెలిసి పదకొండు ఉన్నాయి, వాటి యజమానుల దగ్గర నేర్చుకోవలసింది చాలా ఉంది, వారిని అడిగినవారు మాత్రం ఎవరూ లేరు. ఐటిఐలలో, నైపుణ్య శిక్షణ కేంద్రాలలో పనితో పాటు ఖాతా రాయడం నేర్పాలని కూడా మీరు అధికారుల దృష్టికి తీసుకురాగలరు.

ఆ కుర్రవాడు ఇంకా ఏ నిర్ణయమూ తీసుకోలేదు. మేము వేసిన లెక్క కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకొని పోయాడు. జడ్చర్లకు ఫోన్ చేసి, తనను కంపెనీ జాబితాలో తీసుకుంటున్నారా, కాంట్రాక్టరు కిందనా అన్నది ముందు కనుక్కోమని చెప్పాను. కాంట్రాక్టరు కింద అయితే మళ్లీ కూర్చొని ఆ 21,106లోని గ్రాట్యుటీ అంకెను కొట్టేసి లెక్క వేద్దామన్నాను. ఆదివారం వస్తానన్నాడు.

ఇట్లు,
ఒక మోటారు రివైండింగ్ దుకాణదారుడు,
కొండమల్లేపల్లి, నల్లగొండ జిల్లా.